రెండు కూతల మారుతి

నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన శ్రీకాంత్‌ది గుంటూరు పక్క. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు, ఇంకా ముప్పై నిండలేదు. నేను రిటైరై ఇక్కడే ఖతార్‌లో, ముఐథర్‌లో మా అమ్మాయి సుజాత దగ్గర ఉంటున్నానని తెలుసుకుని మొన్నొక శుక్రవారం వచ్చాడు. సుజాత ఇక్కడే నర్సు. అది ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు నసిగి అసలు విషయానికి వచ్చాడు.

"ఫైళ్ళన్నీ అప్పజెప్పారు గురువుగారూ. మొత్తం చదివానండి. వాటిలో ఎక్కడా పని కనపడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అసలు మీరేం చేసేవారో కాస్త రాసివ్వండి."

కుర్రాడికి బుర్ర ఉంది. ఫైళ్ళలో పని ఉండదని తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. అందుకని రాస్తున్నాను. నేనెప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెంచారు, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు.

కూలీల బస చూసుకునే క్యాంప్ బాస్ అంటే పెత్తనం అనుకుంటారు చాలామంది. మా బంధువులైతే "మా బావ దుబాయ్‌లో ఆరొందలమందికి బాసు" అని ఊరంతా చెప్పుకునేవారు. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకది దుబాయే. నిజానికి ఇది ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి ఉద్యోగం. పప్పులో ఉప్పు తక్కువైనా, నీళ్ళ ట్యాంకర్ రాకపోయినా, లుసైల్ సైటుకు వెళ్ళే బస్సు దారిలో ఆగిపోయినా తప్పు నీదే. అన్నీ సవ్యంగా జరిగితే మాత్రం నువ్వున్నావన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఈ రెండో సగానికి బాధపడేవాడు ఈ పనికి పనికిరాడు.

ఏసీ మోత

అల్ ఖోర్ దగ్గరి క్యాంపులో ఉన్నప్పుడు పోశన్న అని నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. రోజూ డ్యూటీ దిగి తిన్నగా నా గదికి వచ్చేవాడు. "ఏసీ మస్తు మోత జేస్తుంది సార్, నిద్ర పడ్తలేదు." మెకానిక్‌ని మూడుసార్లు పంపాను. మూడుసార్లూ ఏమీ లేదన్నాడు. నాలుగోసారి నాకు చిర్రెత్తుకొచ్చి నేనే వెళ్ళి ఆయన మంచం మీద కూర్చున్నాను. అరగంట కూర్చున్నా మోత లేదు.

"ఏదయ్యా పోశన్నా, వినపడదేం?"

"ఇప్పుడు ఇనవడ్తలేదు సార్. మీరు కూసున్నరు గద."

మనిషికి ఒక్క మనిషి కావలసివచ్చింది, అంతే. దానికి నేను మూడుసార్లు మెకానిక్‌ని పంపాను. ఆ తరవాత ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చినా ముందు కూర్చోబెట్టి టీ పోసేవాణ్ణి. నీకు కనిపించే టీ ఖర్చంతా అదే శ్రీకాంత్, తగ్గించాలని చూడకు.

ఎవరివాళ్ళతో వాళ్ళు

నా మొదటి మేనేజరు పేరు రాయను. మంచివాడే. కానీ కడుపులో చల్ల కదలకుండా ఉద్యోగం వెళ్ళిపోవాలనుకునే రకం. ఆయన నాకు నేర్పిన సూత్రం ఒకటే: ఎవరివాళ్ళతో వాళ్ళను పడెయ్. ఒకే భాష, ఒకే తిండి, గొడవలుండవు. నేను గదులన్నీ అలాగే సర్దాను. జగిత్యాల వాళ్ళొక గది, కడప వాళ్ళొక గది, నాందేడ్ వాళ్ళొక గది. గొడవలు నిజంగానే తగ్గాయి. అదే పెద్ద తెలివి అనుకున్నాను.

తరవాత నన్ను లుసైల్ పనులకు మనుషులను పంపే పెద్ద క్యాంపులో వేశారు. దాని వెనక ఖాళీ ఇసుక మైదానం ఉండేది. చలికాలం శుక్రవారాల్లో జుమ్మా నమాజు అయ్యాక అక్కడ కబడ్డీ మొదలుపెట్టించాను. ఇసుక మీద నీళ్ళు చల్లి, సైట్ నుంచి తెచ్చిన జిప్సం పొడితో గీతలు వేసేవాళ్ళం. చదువుకునే రోజుల్లో ఆడినవాణ్ణి కాబట్టి విజిల్ నా చేతిలోనే ఉండేది. రూల్స్ పుస్తకం తెప్పించుకుని మరీ చదివాను.

మొదట్లో తెలుగువాళ్ళదంతా ఒకటే జట్టు. రాష్ట్రం విడిపోయాక జట్టూ విడిపోయింది. నిన్నటిదాకా ఒకే గిన్నెలో కూర వేసుకున్నవాళ్ళు రెండు రంగుల బనియన్లు తెప్పించుకున్నారు. తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, పంజాబ్, బంగ్లాదేశ్. రాష్ట్రాలూ దేశాలూ అన్నీ ఆ ఇసుకలోకి దిగాయి. నాకు నచ్చింది, దాచడం దేనికి. ఆరు రోజులు హెల్మెట్ మీద నంబరుగా బతికిన మనిషి ఏడో రోజు ఒక పేరు కోసం ఒళ్ళు గీరుకుపోయేలా ఆడేవాడు. ఆ పౌరుషాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను.

జట్ల కోసం ఒక ఫారం తయారుచేశాను. పేరు, గది నంబరు, పని, రాష్ట్రం. నాలుగే గడులు. అందులో నాలుగోది నేను నా ఉద్యోగంలో చేసిన అతి పెద్ద తప్పు.

ఒకటే గడి

మారుతి పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనికి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేముందు ఒకసారి నేల వంక చూసే మనిషి. ఫారం తీసుకుని మూడు గడులు గబగబా నింపి నాలుగో దగ్గర ఆగిపోయాడు.

"సార్, గీ గడిల ఊరి పేరు రాస్తె నడువదా?"

"ఊరెవరడిగారయ్యా? రాష్ట్రం రాయి."

"అట్లైతె రెండు రాయాలె సార్."

"రెండేమిటి?"

"మా బోరిగూడ గుట్టల మీదుంటది. తెలంగాణోళ్ళు మాదంటరు, మహారాష్ట్రోళ్ళు మాదంటరు. ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, రెండు రేషన్ కార్డులు. ఓటు గూడ రెండు దిక్కుల ఏస్తం."

"అదృష్టవంతుడివి. రెండు చేతులా తింటున్నావన్నమాట."

"భూమికి పట్టా మాత్రం ఒక్క దిక్కు గూడ ఇయ్యలే సార్."

నేను ఆ మాట విన్నాను, వినిపించుకోలేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాను. "అమ్మతోని మరాఠీ, బాపుతోని తెలుగు. తిట్లైతె రెండు" అన్నాడు. నవ్వి, గడి ఒకటే ఉంది కాబట్టి ఒకటే రాయమన్నాను. వాడి మంచం జగిత్యాల వాళ్ళ గదిలో ఉంది. కాసేపు ఆలోచించి తెలంగాణ అని రాశాడు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మాది శబరి ఒడ్డున రేవుపాక. మా నాన్న చిన్నప్పుడు అది తూర్పుగోదావరి జిల్లా. నేను చదువుకునేటప్పుడు ఖమ్మం జిల్లా. తెలంగాణ వచ్చినప్పుడు, ప్రాజెక్టు ముంపులోకి వస్తాయని మా వైపు మండలాలను తీసి ఆంధ్రలో కలిపారు. నేను ఇక్కడ కుర్చీలోంచి లేవలేదు, మా ఊరు మాత్రం రాష్ట్రం దాటింది. రేపో మాపో నీళ్ళలోకే పోతుందంటున్నారు. ఇవన్నీ ఎవరికి చెబుతాం? అడిగినవాళ్ళకు ఖమ్మం అని ఊరుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి నేను, వాడికి ఒకటే గడి అని చెప్పాను.

హుతుతూ

మారుతి కూతకు వెళ్తే చూడాలి. నేల వంక చూసే మనిషి గీత దాటగానే మారిపోయేవాడు. నడుము పట్టుకుంటే జారిపోయేవాడు, కాలు పట్టుకుంటే పట్టుకున్నవాణ్ణే ఈడ్చుకొచ్చేవాడు. తెలంగాణ జట్టు కెప్టెన్ రాజన్నది జగిత్యాల దగ్గర ఊరు. మొండిఘటం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అలాంటివాడు కూడా మారుతిని తన పళ్ళెం పక్కన కూర్చోబెట్టుకుని తినిపించేవాడు. "మనోడు సార్, ఎట్లున్నడు?" అని నాతో గొప్పలు పోయేవాడు.

ఆ ఏడు ఫైనల్ తెలంగాణకూ మహారాష్ట్రకూ పడింది. చివరి కూత. తెలంగాణ ఒక పాయింటు వెనక ఉంది. మారుతి వెళ్ళాడు. నలుగురు కలిసి మీద పడ్డారు. వాడు ఇసుకలో పాకుతూనే ఉన్నాడు. గీత జానెడు దూరంలో ఉంది. కబడ్డీ, కబడ్డీ అంటున్న గొంతు సన్నబడిపోయింది. ఊపిరి ఆఖరికొచ్చిన ఆ క్షణంలో నోటివెంట "హుతుతుతుతూ" అని వచ్చింది. చెయ్యి గీత దాటింది.

నేను విజిల్ వేసి ఔట్ ఇచ్చాను. మనం చెడుగుడు అన్నట్టే మహారాష్ట్ర పల్లెల్లో ఆ ఆటను హుతుతూ అంటారు, కూతా అదే. నా పుస్తకంలో మాత్రం కూత అంటే కబడ్డీ ఒక్కటే. విజిల్ తప్పు కాదు. ఇప్పటికీ కాదంటాను. ఆ తరవాత చేసినవన్నీ తప్పులే.

మహారాష్ట్ర వాళ్ళు గెలిచిన సంతోషంలో మారుతిని చూపిస్తూ "ఆప్లా ఆహే రే, ఆప్లా" అని ఎగిరారు. మనోడేరా అని. తెలంగాణ జట్టుకు ఒళ్ళు మండిపోయింది. రాజన్న నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నాడు కాబట్టే నాకు భయమేసింది.

"మనోడనుకున్నం సార్. ఆళ్ళోడు. నోట్లకెల్లి ఎల్లిందిగద."

అన్నం తిని తిరిగొచ్చేసరికి మారుతి పరుపు వరండాలో ఉంది. సరే, మహారాష్ట్ర గదిలో వేద్దామని వాళ్ళ కెప్టెన్ సంతోష్‌ని పిలిచాను. అతను వినయంగానే నా ఫారం నాకే చూపించాడు. "సర్, ఇస్‌మే తో తెలంగాణ లిఖా హై." ఇందులో తెలంగాణ అనే రాసుందంటాడు. ఇప్పటిదాకా మామీదే ఆడినవాణ్ణి ఎలా పెట్టుకుంటామని కూడా అన్నాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా మిగిలాడు మారుతి.

నేను స్టోరు పక్కన ఖాళీ గది తెరిపించాను. "నలుగురుండే గది, మొత్తం నీదే, రాజాలా ఉండు" అన్నాను. పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. నాలుగు రోజులు అక్కడున్నాడు. ఐదో రోజు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను క్యాన్సిల్ కొట్టున్రి సార్. ఊరికి పోత."

"ఆటలో మాట పడ్డందుకు వీసా వదులుకుంటావా? పిచ్చా నీకు?"

"ఊర్ల గూడ గిదే అడుగుతరు సార్, నువ్వు ఎవలోనివని. గీడనన్న ఇడిసిపెడ్తరనుకున్న."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. టీ పోశాను, తాగలేదు. నా విద్యలన్నీ అయిపోయాయి. కాగితం తయారుచేసి సంతకానికి పంపాను.

గుమ్మడికాయల దొంగ

అప్పటికి మా మేనేజరు ఉస్మాన్, సూడాన్ దేశస్థుడు. భారీ మనిషి, మెల్లగా నడిచేవాడు. అరబ్బుల పద్ధతిలో నన్ను "అబూ సుజాత" అని పిలిచేవాడు, సుజాత నాన్నా అని. వచ్చీరాని హిందీ, కాస్త ఇంగ్లీషు, మిగతా అరబ్బీతో మాట్లాడేవాడు. నాకున్న బాసులందరిలో పనికొచ్చే ప్రశ్న అడిగింది ఆయనొక్కడే.

"ఈ మనిషి పని బాగా చేస్తాడు. ఒక్కణ్ణే గదిలో ఎందుకు పెట్టావు?"

జరిగింది చెప్పాను. రెండు రాష్ట్రాల ఊరు, రెండు కూతలు, ఫారం. అంతా విని, గడ్డం నిమురుకుంటూ అడిగాడు: "మరి నీదే రాష్ట్రం, అబూ సుజాత?"

ఆయన మామూలుగానే అడిగాడు. నేనే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. మొదట ఖమ్మం అన్నాను. మళ్ళీ, ఇప్పుడు ఆంధ్ర అన్నాను. అంతకుముందు అంటూ మా నాన్న కాలానికి వెళ్ళాను. ప్రాజెక్టు దాకా వచ్చేసరికి ఉస్మాన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"బంతి కూడా లేని ఆటకు ఇంత పొడుగు జవాబా? నీకే ఒక గడి చాలలేదు" అన్నాడు. కాసేపటికి నవ్వు ఆపి కాగితం తన సొరుగులో పెట్టుకున్నాడు. "ఆదివారం దాకా ఇది నా దగ్గరుంటుంది. ఆదివారం సంతకం పెడతాను. యల్లా, వెళ్ళు."

సిగ్గేసింది. గట్టిగా అరిచి ఉంటే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

నాలుగో బస్సు

శుక్రవారం అందరినీ మైదానంలో కూర్చోబెట్టి మా ఊరి సంగతి మొత్తం చెప్పాను. రాజన్న నోరు తెరిచాడు. "గిన్నేండ్ల సంది మీరు మా తెలంగాణోళ్ళే అనుకుంటున్నం గద సార్." ఆంధ్ర జట్టులో భీమవరం అతను ఒకడు వెంటనే అందుకున్నాడు. "అయితే సార్ మావారేనండి." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నవ్వు అయ్యాక అడిగాను. "నా ఊరు అటూఇటూ అయితే ఇద్దరూ మనోడే అంటున్నారు. మారుతి ఊరు అటూఇటూ అయితే ఇద్దరూ కాదన్నారు. నేను బాసుననా?"

అప్పుడు కొత్త పద్ధతి చెప్పాను. ఇకనుంచి జట్లు బస్సుల మీద. పొద్దున లుసైల్‌కు ఏ బస్సులో పోతే ఆ జట్టు. కూత ఎవరి ఊళ్ళో నేర్చుకున్నది వాళ్ళు పెట్టుకోవచ్చు. ఒక్క ఊపిరిలో ఉండాలి, అంతే. బంగ్లాదేశ్ వాళ్ళు "హాడుడు" చెల్లుతుందా అని అడిగారు. చెల్లుతుందన్నాను. తమిళతను ఒకడు సడుగుడు అన్నాడు. పుస్తకం ప్రకారం ఇదంతా తప్పేనని నాకు తెలుసు. పుస్తకం రాసినవాడు మా క్యాంపులో ఉండలేదు.

రాజన్నది నాలుగో బస్సు. మారుతిదీ అదే. మిగతా బస్సులన్నిటికీ ఏడుగురు కుదిరారు, నాలుగో బస్సుకు ఆరుగురే తేలారు. మారుతి సంచి సర్దుకుని స్టోరు పక్క గదిలో కూర్చుని ఉన్నాడు.

"ఇంకొకడు కావాలె సార్" అన్నాడు రాజన్న.

"ఉన్నాడు. నేను పిలవను. పరుపు బయట పెట్టింది నేను కాదు."

రాజన్న చాలాసేపు ఇసుకను కాలితో గీకుతూ నిలబడ్డాడు. వీడు మొండికేస్తే ఆదివారం ఆ కాగితం మీద సంతకం పడుతుంది, ఆ మనిషి ఇక జన్మలో ఎవరినీ నమ్మడు. చివరికి రాజన్న ఎవరి ముఖమూ చూడకుండా గదులవైపు నడిచాడు. లోపల ఏమన్నాడో తరవాత మారుతే చెప్పాడు. గుమ్మంలో నిలబడి, "బనీను ఏసుకో. ఒకడు తక్కువున్నడు" అన్నాడట. రాజన్న క్షమాపణ అంతే ఉంటుంది.

మారుతి వచ్చాడు. మొదటి కూతలోనే ముగ్గురు పట్టేశారు. కబడ్డీ, కబడ్డీ అంటూ ఈడ్చుకొస్తున్నాడు. ఊపిరి తగ్గుతోంది. గీత దగ్గరికొచ్చేసరికి భయంగా నావైపు చూశాడు, నా చేతిలో విజిల్ వైపు. వెనకనుంచి రాజన్న కేక వినపడింది.

"సార్ దిక్కేం జూస్తవ్ రా? నీ కూత నువ్వు పెట్టు."

హుతుతుతుతూ అంటూ చెయ్యి గీత మీద వేశాడు. నేను విజిల్ జేబులో వేసుకుని మూడు పాయింట్లు ఇచ్చాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇసుక పడిందని చెప్పుకున్నాను, ఎవరూ నమ్మలేదు. జగిత్యాల గది వాళ్ళంతా ఆ సాయంత్రం మెస్సులో హుతుతూ అని అరుస్తూ మారుతిని ఏడిపించారు. పరుపు వాళ్ళే మోసుకెళ్ళారు.

ఆదివారం ఉస్మాన్ కాగితం నా బల్ల మీద పెట్టాడు. సంతకం లేదు. "మాఫీ ముష్కిల్", ఏం ఫరవాలేదు అని వెళ్ళిపోయాడు.

ఒక మాట చెబుతాను శ్రీకాంత్. దీనితో క్యాంపులో రాష్ట్రాలు మాయమైపోయాయని అనుకోకు. ఇప్పటికీ ఆవిర్భావ దినాలు చేసుకుంటారు, పప్పు ఎవరిది బాగుంటుందని కొట్టుకుంటారు. చేసుకోనీ, కొట్టుకోనీ. ఎవరి అభిమానం వాళ్ళది. గడి పెట్టి మనిషిని అందులో కూర్చోబెట్టడం మాత్రం మన పని కాదు. నీ ఫైల్లో ఉన్న ఫారం మీద "రాష్ట్రం" అన్న మాట కొట్టేసి చేత్తో "ఊరు" అని రాసి ఉంటుంది. అది నా రాతే. కొత్తగా టైపు చేయించేటప్పుడు దాన్ని సరిదిద్దకు.

నా చివరి శుక్రవారం

ఉద్యోగం వదిలే వారం సన్మానం వద్దన్నాను. అయితే ఒక్క కూత పెట్టాల్సిందేనని పట్టుబట్టారు. ప్యాంటు మడిచారు, కళ్ళజోడు లాక్కున్నారు. సార్‌ది ఏ బస్సని తగువు వచ్చింది. నేను ఏ బస్సూ ఎక్కనివాణ్ణి. చివరికి రెండో బస్సు వాళ్ళు నన్ను తీసుకుని నాలుగో బస్సు మీదికి పంపారు.

అవతల మారుతి కెప్టెన్. రాజన్న ఊరికి వెళ్ళిపోతూ వాడికే అప్పగించాడు. నేను గీత దాటాను. నలభై ఏళ్ళకు పైగా నోట్లోకి రాని కూత దానంతటదే వచ్చింది. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. నాలుగో అడుగుకే మారుతి నడుము పట్టేశాడు. మెత్తగానే పట్టాడు, కానీ వదిలేలా లేడు.

"ఏ ఊరు సార్ మీది?" అన్నాడు చెవిలో.

"మొదట ఖమ్మం... ఇప్పుడు ఆంధ్ర..."

"రాష్ట్రం ఎవలడిగిన్రు సార్? ఊరు చెప్పున్రి, ఇడుస్త."

ఊపిరి అప్పటికే అయిపోయింది. అయినా ఆ మాట మాత్రం పూర్తిగా వచ్చింది.

"రేవుపాక" అన్నాను. మారుతి వదిలేశాడు.